నాన్న యాక్సెప్ట్ నొక్కాడు

రాయ్‌పూర్‌కి కాస్త దూరంలో, మరోదాలో నా వర్క్‌షాప్‌కి వచ్చేవాళ్లలో సగం మంది బానెట్ ఎత్తకముందే "భయ్యా, బస్ లైట్ బంద్ కర్ దో" అంటారు, ఆ లైటొక్కటి ఆర్పేస్తే చాలని. మీటర్ల మధ్య వెలిగే ఆ పసుపు ఇంజన్ బొమ్మంటే వాళ్లకి అంత చిరాకు. దాన్ని ఆర్పడం చిటికెలో పని. స్కానర్ తగిలించి, కారు కంప్యూటర్ దాచుకున్న ఫాల్ట్ కోడ్ తుడిచేస్తే చాలు. జబ్బు మాత్రం ఇంజన్‌లో అలాగే ఉంటుంది. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

చివరికి మా ఇంటి కారే నన్ను ఏడిపించింది.

అమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కి రాయ్‌పూర్ తీసుకెళ్లేది నాన్నే. నేను వస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. "నీ పని నువ్వు సూసుకో, నానున్నాను గదా" అనేవాడు. ఇంతలో ఆ కారు దారిలో ఆగిపోవడం మొదలుపెట్టింది. వేడెక్కాక ఠక్కున ఆగేది, కాస్త చల్లారాక మళ్లీ స్టార్టయ్యేది. ఒకసారి హైవే మీద కుమ్హారి దగ్గర లారీల మధ్య ఆగిందట. అమ్మ రోడ్డు పక్కన ఎండలో కూర్చుందట. ఆసుపత్రికి చేరడం ఒక్కసారి తప్పినా ఆవిడకి ఊపిరాడదు.

స్కానర్ పెట్టాను. ఒక్క కోడ్ కూడా లేదు. అనుమానం మీద ఫ్యూయల్ ఫిల్టర్ మార్చాను. మళ్లీ ఆగింది. మళ్లీ చూస్తే మళ్లీ ఖాళీ. ఈసారి స్కానర్‌లో ఇంకో పేజీ తెరిచాను. కారు తనకు తానుగా చేసుకునే పరీక్షలన్నీ అసంపూర్తిగా ఉన్నాయి. కోడ్ తుడిచినప్పుడల్లా అవి మొదటి నుంచి మొదలవుతాయి. అంటే ఎవరో తుడుస్తున్నారు. ఆ కారు తాళం నాన్న జేబు దాటదు.

"నాన్నా, కోడ్ నువ్వు తుడిసేస్తన్నావా?"

"తుడవడమేటి? యాక్సెప్ట్ కొట్టాను."

కారు కోడ్లు ఫోన్‌లో చూపించే పాత అడాప్టర్ ఒకటి నేను మూలన పడేస్తే, అది తీసుకెళ్లి తన ఫోన్‌కి కలుపుకున్నాడట.

నాన్న రిటైరయ్యేదాకా ఇక్కడి స్టీలు ప్లాంటు కంట్రోల్ రూమ్‌లో పనిచేశాడు. అక్కడ అలారం మోగితే ఆపరేటర్ యాక్సెప్ట్ బటన్ నొక్కుతాడు. గంట ఆగుతుంది, ఎర్రదీపం మాత్రం రిపేరయ్యేదాకా వెలుగుతూనే ఉంటుంది. తర్వాతి షిఫ్టు వాళ్లు దాన్ని చూసి పని అందుకుంటారు. ఫోన్‌లో కోడ్ తుడిచే బటన్ కూడా అలాంటిదే అనుకున్నాడు నాన్న. పైన లైటు ఆరినా లోపల ఎక్కడో ఉంటుందని, నేను చూసి బాగుచేస్తానని నమ్మాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నన్నొక మాట అడగొచ్చు గదా!" అని అరిచాను.

"ఆ లైటు సూస్తే మీ అమ్మ బెంగెట్టుకుంటాదిరా" అన్నాడు.



అడాప్టర్ లాక్కుని, కారు ఆగేదాకా ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్లన్నీ తిప్పాను. ఈసారి కోడ్ దొరికింది. ఇంజన్ తిరుగుతోందో లేదో కంప్యూటర్‌కి చెప్పే చిన్న సెన్సర్ వేడికి పనిచేయడం మానేస్తోంది. కొత్తది వేశాను. నాన్న వద్దంటున్నా తర్వాతి డయాలసిస్‌కి నేనే నడిపాను. వాళ్లిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు.

కారు ఎక్కడా ఆగలేదు. కుమ్హారి దాటాక, అమ్మని నవ్విద్దామని జరిగిందంతా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. నాన్న వైపు తిరిగింది.

"నాకు తెలీకుండా లైటు ఆర్పేసినావు. మరి డాట్రుబాబు ఇంగ్లీసులో సెప్పిందో? అదీ ఇలాగే నొక్కేసినావేటి?"

నాన్న కిటికీ వైపు తిరిగాడు.

"గుండె కూడా నీరసపడిపోయిందన్నారు" అన్నాడు చివరికి. "కిడ్నీ మార్సడానికి అవదన్నారు."

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ నాన్న చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

"ఇన్నాళ్లూ ఇదంతా ఒక్కడివే మోసినావా?" అంది.

నాన్న తల వంచుకున్నాడు. భుజాలు కదలడం అద్దంలో కనిపించింది.