ఇసుక మూట

మొన్న అవనిగడ్డ వైపు పని మీద వెళ్తూ దారిలో ఒక పాక హోటల్ దగ్గర కారు ఆపించి టీ తాగాను. మొదటి గుక్కకే ప్రాణం లేచొచ్చింది. దివిసీమలో ఎంత పంచదార పోసినా టీ అడుగున సన్నగా ఉప్పు తగులుతుంది. ఈ టీలో అది లేదు. ఎక్కడి నీళ్లో తల తిప్పకుండానే తెలిసిపోయింది. రోడ్డుకు అవతల, చేపల చెరువుల మధ్య, నాలుగు తాటిచెట్లు మోస్తూ అదే ఇసుక దిబ్బ. "సార్, చూశారా!" అంటూ బల్ల మీద పక్కకు తిరిగాను. పక్కన ఎవరూ లేరు. కరీం గారు పోయి ఏళ్లు గడిచాయన్న సంగతి నా నాలుకకు ఇంకా తెలియదు కాబోలు.

కరీం గారు నా మొదటి యజమాని. బోరు ఎక్కడ వేస్తే మంచినీళ్లు పడతాయో చూసి చెప్పడం ఆయన వృత్తి. బందరులో రెండు గదుల ఇల్లు, ముందు గదే ఆఫీసు. గుడ్లవల్లేరు పక్క పల్లె నుంచి డిగ్రీ పట్టుకుని వచ్చిన నన్ను నేల కింది నీటిని పసిగట్టే మీటరు పెట్టె మోయడానికీ, అంకెలు రాయడానికీ పెట్టుకున్నారు. ఆయన చదివింది మాత్రం బంగారు గనుల గురించి. తల్లికి జబ్బు చేసిందని బందరు వచ్చి, ఆవిడ పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. ఈ డెల్టాలో ఎంత తవ్వినా ఒండ్రు, ఇసుక తప్ప సుత్తితో కొట్టడానికి ఒక్క రాయి దొరకదు. అందుకని ఆయన సుత్తి కొబ్బరికాయలు కొట్టడానికి పనికొచ్చేది. "ఇదిగో సుగుణా, మన ఖనిజ సంపద" అని నా చేతిలో కొబ్బరి చిప్ప పెట్టేవారు. పెళ్లి చేసుకోలేదు. ఆ ఇంట్లో రెండో కంచం నేనెప్పుడూ చూడలేదు. ఆదివారం చర్చి నుంచి వస్తూ తొంగిచూస్తే, సెలవు రోజు కూడా ఒక్కరే కూర్చుని గోడ మీది మ్యాపు చూస్తూ ఉండేవారు.

ఆ మ్యాపులో కృష్ణ ఒకప్పుడు పారి వదిలేసిన పాయలన్నీ పెన్సిల్‌తో గీసి ఉండేవి. వాటి పక్కన ఊళ్లలో విన్న కథలు. ఇక్కడ లంకెబిందెలు ఉన్నాయట, ఇక్కడ వర్తకుడి పడవ మునిగిందట. రెండూ ఒకే చోట కలిస్తే అక్కడ బంగారం కోసం వెతకాలన్నది ఆయన పట్టుదల. "కిలో ఎంతకిస్తారండీ కరీం గారూ?" అని బజారులో ఆటపట్టించేవారు. నేను కూడా ఒకసారి నవ్వి, "ఇవన్నీ కట్టుకథలు కదండీ" అన్నాను.

"కట్టుకథేనమ్మాయ్. కాని ఈ ఊళ్లోనే ఎందుకు కట్టారు, పక్క ఊళ్లో ఎందుకు కట్టలేదు? అదడుగు" అన్నారు. ఇప్పటికీ నా ఉద్యోగంలో నేను ముందు అడిగే ప్రశ్న అదే.

మ్యాపు మీద రెండూ కలిసిన చోటు ఒక్కటే, ఈ దిబ్బ. ఎప్పుడో సరుకు పడవ ఒకటి ఏటి మలుపులో తిరగబడి, అందులోని బంగారమంతా ఇసుకలో కలిసిపోయిందని ఈ ఊరి కథ. ఆ మలుపు నిజంగానే ఉండేది. "వంపు తిరిగేచోట ఏరు అలిసిపోయి లోపలి గట్టున బరువు దించుకుంటుంది. ఉంటే గింటే ఇక్కడే ఉండాలి" అనేవారు. దిబ్బ సొంతదారు రంగారావు గారికి ఎలా తెలిసిందో, ఒకరోజు ఆయనే కబురు పెట్టారు. పొక్లెయిన్ మాట్లాడాను, ఎక్కడ తవ్వాలో వచ్చి చూపించండి అని. కరీం గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లిచూపులకు వెళ్తున్నవాడిలా బండి ఎక్కారు.

చేతిబోరు దింపి, పైకొచ్చిన ఇసుకను మూకుడులో కడిగాం. నల్లటి ఇసుక, మెరిసే కాకిబంగారం, అంతే. మరి కాస్త లోతుకు పోయేసరికి నీరు ఊరింది. ఆయన నాలుక మీద వేసుకుని ఆగిపోయారు. తియ్యటి నీరు. ఇంకా దింపితే బూడిదరంగు బురద, దాని తడి ఉప్పు కషాయం. వానలకు దిగిన తీపినీరు ఇసుకలో నిలిచి, ఉప్పునీటి నెత్తిన పల్చగా తేలుతోంది. ఊరంతా తాగే బావి ఆ దిబ్బ అంచునే ఉంది.

"ఇక్కడ బంగారం లేదండి. పెద్ద గొయ్యి తవ్వితే మాత్రం ఉప్పు ఎగదన్నుకొస్తుంది. మీ బావి పోతుంది" అన్నారు రంగారావు గారితో.

"బంగారం దొరికితే నీళ్ల టిన్నులు కొనుక్కు తాగుతాంలెండి" అని రంగారావు గారు నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఇన్నేళ్లు వెతికినవాడు లేదంటున్నాడంటే, తర్వాత వచ్చి తనే తవ్వుకుంటాడన్నమాట అని వాళ్లలో ఒకరు గట్టిగానే అన్నారు.

వాళ్లు వెళ్లిపోయాక ఆయన చాలాసేపు దిబ్బ మీద కూర్చున్నారు. "లేదంటే తవ్వుతారు సుగుణా. ఉందన్నా తవ్వుతారు. పోయిందంటేనే తవ్వరు" అన్నారు. తర్వాత గోనెసంచిలోకి తడి ఇసుక ఎత్తమన్నారు. మూతి బిగించి, బండికి కట్టి, పైన తువ్వాలు కప్పారు. ఈ హోటల్ ముందే ఆగాం. ఏముందండీ అందులో అని హోటలాయన చెయ్యి వేయబోతే, ఎన్నడూ గొంతు పెంచని మనిషి "చెయ్యి తియ్యి!" అని అరిచారు. టీ సగం వదిలేసి బండి తోలారు. చల్లపల్లి చేరేలోపే రంగారావు గారి ఫోను. "మమ్మల్ని నిలువునా ముంచావు కదయ్యా!" అన్న కేక వెనక కూర్చున్న నాకూ వినిపించింది. ఆయన కాదనలేదు. ఫోను జేబులో పెట్టుకున్నారు.

కేసు పెడితే నిధి దొరికిన చోటని దిబ్బను సర్కారు పట్టుకుపోతుందని రంగారావు గారు నోరు మూసుకున్నారు. పొక్లెయిన్ రాలేదు. కాని దొంగ అన్న మాటకు ఫిర్యాదుతో పనేముంది? పెడన దాకా పాకింది. బోరు చూడమని పిలిచేవాళ్లు తగ్గి, తగ్గి, ఆగిపోయారు. ఆటపట్టించేవాళ్లు కూడా పలకరించడం మానేశారు. అది ఆయన్ని ఎక్కువ కుంగదీసింది. నేను వేరే ఉద్యోగం చూసుకునే రోజుల్లో వెళ్తే, డాబా మీద ఆ మూటలోని ఇసుకనే పిడికెడు పిడికెడు కడుగుతూ కనిపించారు.

"లేదని మీరే అన్నారు కదండీ."

"అన్నాననుకో. చూడాలిగా" అని సిగ్గుపడ్డారు. నాకు ఏడుపొచ్చింది.

మొన్న టీ ఇచ్చినాయన అప్పటి మనిషే. జుట్టు నెరిసింది, నన్ను గుర్తుపట్టలేదు. "ఆ దిబ్బలో బంగారం ఉండేదటగా?" అని నేనే కదిపాను.

"ఉండేదండి. బందరు నుంచి ఒకడొచ్చి మూటగట్టుకుపోయాడు. నా కళ్లతో చూశానండి. దొంగ సచ్చినోడు!"

ఒళ్లు మండిపోయింది. నువ్వు అమ్ముకునే ప్రతి గ్లాసూ ఆ దొంగ పెట్టిన భిక్షేనయ్యా అని నోటిదాకా వచ్చింది. ఈలోగా ఆయన నా కారు మీది భూగర్భ జలాల శాఖ బోర్డు చదివి, గొంతు తగ్గించి, "ఏవండీ, ఇంకా ఏమన్నా మిగిలుంటుందంటారా?" అని అడిగాడు. అవతలి చెరువులో పొక్లెయిన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"లేదు. అంతా పట్టుకుపోయారు" అన్నాను.

"దొంగకి కూడా 'పోయారు' ఏంటండీ, 'పోయాడు' అనక!" అని ఆయన నవ్వాడు. ఇంకొక టీ ఇవ్వమన్నాను.