నాలుగుసార్లు రాసిన పేరు

పరకాల నుంచి హనుమకొండ వస్తున్న బస్సులో, నా పక్కన కూర్చున్నావిడ తన ఫోన్ నా ముందు పెట్టింది. కుట్టుపని నేర్పే టీచర్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తోంది. ఆ రోజే ఆఖరు.

"తమ్మీ, జర చూడు. ఏం తప్పు చేస్తున్ననో సమజైతలేదు."

తెర మీద ఒకటే మాట ఉంది: "తప్పు జరిగింది. మళ్లీ ప్రయత్నించండి." వెబ్‌సైట్లు తయారుచేయడమే నా పని కాబట్టి కారణం త్వరగానే దొరికింది. ఫొటో సైజు తగ్గించి పంపాను. బస్సు ఊళ్లోకి రాకముందే దరఖాస్తు అందినట్టు మెసేజ్ వచ్చింది.

"నీ తప్పేం లేదక్కా. ఫొటో పెద్దగున్నది, గంతే."

ఆమె పకపకా నవ్వింది. "గా ముక్క చెప్తే ఏంబోతుండె? పేరే తప్పు రాసిననుకొని నాలుగుసార్లు రాసిన!"

నేనూ నవ్వాను గానీ, లోపల సిగ్గేసింది. మా ఆఫీసు తయారుచేసిన సైట్‌లోనూ ఏ పొరపాటు జరిగినా అదే వాక్యం కనబడేలా పెట్టింది నేనే.

మర్నాడు ఆఫీసులో కూర్చుని, ఒక్కో పొరపాటుకూ అసలు కారణం చెప్పే మాటలు రాశాను. "ఫొటో పెద్దగా ఉంది. మీరు రాసిన మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి."

ఆ రెండో వాక్యం అవసరమా అని మా మేనేజర్ అడిగారు.

"ఉండనివ్వండి సార్" అన్నాను.