ఎర్ర ‘ఎల్’ అతికించినందుకు

నేను బడికి వెళ్లినవాణ్ణి కాను. పొట్లాల కాగితాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. అందుకేనేమో, అచ్చులో ఉన్న నిబంధన అంటే నాకు గౌరవం. పోయిన ఏడాది మా మనవరాలు శైలజకు శ్రీ సిటీలో ఉద్యోగం వచ్చింది. స్కూటర్ నేర్చుకుంటానంటే ముందు లెర్నర్ లైసెన్సు తీయించి, బండికి ముందూ వెనకా నేర్చుకునేవాళ్లు నడుపుతున్నారని తెలిపే ఎర్ర రంగు ‘ఎల్’ అక్షరం నేనే అతికించాను.

ఒక ఉదయం ఏర్పేడు దారిలో తను నడుపుతుంటే నిబంధన ప్రకారం లైసెన్సున్న నేను వెనక కూర్చున్నాను. చెయ్యి చూపించి మలుపు తిరుగుతుండగా, పదహారేళ్ల పిల్లవాడొకడు పెద్ద మోటారుసైకిల్ మీద వెనక నుంచి వచ్చి గుద్దేశాడు. నేను ఇసుకలో పడ్డాను. శైలజ మోకాలు బండి కింద నలిగిపోయింది.

ఆసుపత్రికి ఆ పిల్లవాడి మేనమామ వచ్చాడు.

“ఏం పెద్దాయనా, మీ పాపకు బండి రాదని నువ్వే రాసి అంటించినావు. ఇంక మావోడి తప్పు యాడుండాది?”

“పదహారేండ్లోడికి గేర్లు లేని చిన్న బండికి తప్ప లైసెన్సే ఇయ్యరు గదప్పా. అంత బండి ఎట్ల కొనిచ్చినారు?”

“వాడు ఏడో క్లాసు నుంచే తోల్తా ఉండాడు. నేర్చుకునేది మీ పాప గదా.”

చుట్టూ ఉన్నవాళ్లు అతనికే తలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది. అంతలో మంచం మీద నుంచి శైలజ నా చెయ్యి పట్టుకుంది.

“ఇడిసిపెట్టు తాతా. మనం ఆ అక్షరం అంటించకుండా ఉండాల్సింది.”

మోకాలు అతుక్కుంది గానీ వంగడం లేదు. ఉద్యోగం పోయింది. చట్టాన్ని లెక్కచేయక తలెగరేసినవాళ్లను నా బతుకులో ఎందరినో చూశాను. చట్టం పాటించినందుకు సిగ్గుపడిన మనిషిని చూడటం మాత్రం అదే మొదలు.