పొడి నేల

పటమటలోని వృద్ధాశ్రమంలో రామతులసి పదకొండేళ్లుగా ఆయా. స్నానాలగది నేల ఆరిందో లేదో అరికాలితోనే చెప్పేస్తుంది. కొత్త నర్సు సింధూరి మాత్రం గంటకోసారి చార్టులో ‘నేల పొడి’ అన్న గడిలో టిక్కు పెడుతుంది. అందరూ ఆ టిక్కులనే మెచ్చుకుంటుంటే రామతులసికి కడుపు మండిపోయేది. తనిఖీ రోజున టిక్కు ఉంది, నేల తడిగానే ఉంది. ఇవాళ సింధూరి దొరికిపోతుందిలే అనుకుని గుమ్మంలోనే నిలబడింది. అధికారికన్నా ముందు ఆశ్రమంలో ఉండే పెద్దావిడ శాంతకుమారిగారు చేతికర్రతో అటే వచ్చారు. “కాస్త ఆగండమ్మా,” అంటూ రామతులసి చతికిలబడి, చీర కొంగుతోనే నేలంతా తుడిచేసింది. తర్వాత వచ్చిన అధికారి చార్టూ నేలా చూసి, “బాగా మెయింటైన్ చేస్తున్నారు సింధూరిగారూ,” అన్నాడు. రామతులసి వైపు తిరిగి, “ఏమ్మా, నీళ్లోడే కొంగుతో తిరుగుతున్నావు, పెద్దవాళ్లు జారిపడరూ?” అన్నాడు.