ఐ.పి. పెడితే పన్ను పోతుందా?

పదేళ్లు దాటింది ఈ బరువు మోయబట్టి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుదామని కూర్చుంటే నవ్వొస్తోంది, ఆ నవ్వుకే సిగ్గేస్తోంది.

డెబ్బైల చివర్లో నంద్యాలలో ఒక వకీలు దగ్గర గుమాస్తాను. ఆళ్లగడ్డలో నూనె మిల్లు నడిపే దానియేలు నష్టాల్లో మునిగి మా ఆఫీసుకొచ్చాడు. దివాలా పిటిషన్‌ను మా వైపు ఐ.పి. అంటారు. వకీలుగారు ఊళ్లో లేరు. నేనున్నాను.

“లాయరన్నా, ఐ.పి. పెడితే సేల్సుటాక్సు గూడా పోతాదా?”

లాయరన్నా! జీవితంలో నన్నెవరైనా అలా పిలిచారా?

“అన్నీ పోతాయప్పా.”

“ఇంగేం కావల్లన్నా! మిల్లు పోతే పోనీ. బేగా పెట్టు.”

వకీలుగారు ముందే సంతకం చేసి ఉంచిన కాగితాల మీద పెట్టేశాం. మర్నాడు వకీలుగారు వచ్చి, ఐ.పి.తో బజారు అప్పులే పోతాయి, సర్కారు పన్ను పోదు, ఆ సంగతి చెప్పావా అని అడిగారు. చెప్పానన్నట్టు తల ఊపాను. ఆ రోజే బస్సెక్కి నిజం చెప్పి ఉంటే, దానియేలు పిటిషన్ వెనక్కి తీసుకుని, మిల్లు తనే మంచి ధరకు అమ్మి పన్ను కట్టుకునేవాడు. ఎందుకు వెళ్లలేదు? భయమా? కాదు. లాయరన్న మళ్లీ గుమాస్తా అయిపోతాడని.

మిల్లు కోర్టు వేలంలో పోయింది. పన్ను మిగిలింది. దానియేలు పన్ను నోటీసు పట్టుకుని వచ్చినప్పుడు, నాకు తెలియక చెప్పానన్నాను. నమ్మాడు.

ఆయనా, ఆయన భార్యా శిరివెళ్లలో బస్సులు ఆగేచోట దోసెల బండి పెట్టారు. వాళ్ల ఎర్రకారం దోసె కోసం డ్రైవర్లే ముందు దిగేవాళ్లు. ఏళ్లు పట్టినా పన్నంతా కట్టేశారు.

ఆ సంతోషంలో చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టి నన్ను పిలిచారు. దానియేలు తనకు జరిగిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచి, నా వైపు చెయ్యి చూపించాడు.

“ఈయన్న పాపం తెలీక ఒక మాట చెప్పినాడు. ఆ పొరపాటే లేకుంటే నేనింకా ఆ మిల్లులోనే ఏడుస్తాండేవాణ్ణి. మీకెవురికీ ఈ దోసెలుండవు!”

అందరూ ఘొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. దొంగ నవ్వు కాదు, ఆయన ముఖం చూస్తే నిజంగానే ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ బాగు వాళ్లిద్దరి చేతి చలవ. అందులో నా వాటా ఏముంది?

ఆయన మన్నించింది పొరపాటును. నేను చేసింది పొరపాటు కాదు. తెలిసీ నోరు మూసుకున్నాను.

అబ్బ! అనేశాను. ఎంత హాయిగా ఉందో.