ఖాలా పచ్చగాజులు, నా గరాటు

నా చిన్నప్పుడు నేను కేక వేస్తే నకిరేకల్ రోడ్డు మీద బస్సులు ఆగిపోయేవి. ఆగేవి కావు. నేను పెంచి చెప్తానని ముందే ఒప్పేసుకుంటున్నాను. నా చేతికి జానెడు సంగతి దొరికితే బారెడు చేసి గాని వదలను. ఇందులో నిజంగా కల్పించిన ముక్క ఏదో చివర్లో నేనే చెప్తాను. అందాకా ఓపిక పట్టండి.

అసలు ఓపిక లేనిది నాకు. నకిరేకల్‌లో నాది ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం. ఈమధ్య జాకెట్లు కుట్టించుకునేవాళ్ల కంటే సలహాలిచ్చేవాళ్లే ఎక్కువ వస్తున్నారు. కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయన రీలు చెయ్యమంటాడు. టీ కొట్టాయన రీలు చెయ్యమంటాడు. మా బిడ్డ కంచం పెడుతూ ఒకసారి, తీస్తూ ఒకసారి అంటుంది. ఎదురు దుకాణంవాడు కత్తెర పట్టుకుని పాటకు ఎగురుతాడు. అది ఫోన్లో చూసి హుజూర్‌నగర్ నుంచి కూడా వస్తున్నారట. వాడి గుమ్మం ముందు చెప్పులు గుట్టలు పడుతున్నాయి, నా గుమ్మంలో ఈగలు కాళ్లు చాపుకుంటున్నాయి.

మొన్న బిడ్డే ఒక కుర్రాణ్ణి పట్టుకొచ్చింది. ఫోనుకు ఒక కర్ర, కర్రకు ఒక లైటు. "అంకుల్, మీకాడికొచ్చే అక్కలను తీద్దాం. పాత జాకెట్ ఎందుకు పట్టలే, మీరు కుట్టినంక ఎట్ల కుదిరింది, వాళ్ల పేరు, వాళ్ల ఊరు... అన్నీ వాళ్లతోనే చెప్పిద్దాం. మస్తు పోతది" అన్నాడు. వాడి మాట పూర్తికాకముందే నా చేతిలోకి ఒక గరాటు వచ్చినట్టయింది.

మా ఇంట్లో కిరసనాయిలు పోసుకునే రేకు గరాటు అది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా పక్కింట్లో గాజులమ్మే ముసలామె ఉండేది. మా ఊరంతా ఆమెను ఖాలా, అంటే పిన్నీ, అనే పిలిచేది. భుజాన గాజుల మూట వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేది. వాకిట్లో నిలబడి గాజులు అమ్మడం ఆమెకు చేతకాదు. లోపలికి వెళ్లి కూర్చోవాలి. ఎదుటి మనిషి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, రొట్టెల పిండి పిసికినట్టు వేళ్లన్నీ ఒత్తి ఒత్తి మెత్తబరచాలి. తొడిగేటప్పుడు పగిలిన గాజు ఆమె నష్టమే. చెయ్యి మెత్తబడేలోపు ఆ చెయ్యిగల మనిషి నోరు కూడా మెత్తబడేది. అత్తతో గొడవలు, మొగుడి తాగుడు, పుట్టింటి బెంగ, అన్నీ బయటికొచ్చేవి. ఒక ఇంట్లో విన్నది రెండో గడప దాటించేది కాదు ఖాలా. మూడు ఊళ్ల రహస్యాలు మోస్తోంది గనకే ఆమె అంత లావని నా గట్టి నమ్మకం.

ఆ ఎండాకాలం బస్టాండు దగ్గర గాజుల దుకాణం ఒకటి కొత్తగా వచ్చింది. రిక్షాకు మైకు కట్టి, బొంబాయి గాజులంటూ పొద్దున్నించీ అరిపించేవారు. ఆడవాళ్లు పొయ్యి మీది అన్నం వదిలి పరుగెత్తేవారు. ఖాలా మూట తగ్గకుండా తిరిగొస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. నువ్వు కూడా మైకు పెట్టమని వెంటపడ్డాను. "మైకు అరిస్తె గాజు చేతికెక్కుతదా బేటా? చెయ్యి ఒత్తితెనే ఎక్కుతది" అని నవ్వి ఊరుకుంది. ముసలిదానికి కాలం తెలియదనుకున్నాను.

మా వాడ చివర మూలింటి వదిన ఉండేది. రెండుసార్లు కడుపు నిలవలేదామెకు. మూడోసారి నిలిచింది. ఐదో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదని, అత్తకు కూడా చెప్పకుండా, దిష్టికి భయపడి బిగబట్టుకుని ఉంది. ఖాలా ఆమె కోసం దర్గా నుంచి రెండు పచ్చగాజులు తెచ్చి, ఎర్ర గాజుల మధ్య కనబడకుండా తొడిగి, తల మీద చెయ్యి పెట్టింది. గడప మీద పుట్నాలు తింటూ నేను చూశాను. కడుపు సంగతి నాకు తెలియదు. గాజుల సంగతి మాత్రం బ్రహ్మాండంగా అర్థమైంది.

మర్నాడు బోరింగు దగ్గర ఆడవాళ్లంతా నీళ్లకు చేరినప్పుడు గోడెక్కి గరాటు నోటికి పెట్టాను. "ఇనుండ్రి! ఇనుండ్రి! ఖాలా గాజులు! మూలింటి వదిన దర్గా పచ్చగాజులేసుకున్నది! ఆమె మొకం ఎట్ల ఎలుగుతాందో సూడుండ్రి!"

బోరింగు ఆగింది. కళ్లన్నీ వదిన చేతి మీదికి పోయాయి, చేతి మీంచి మెల్లగా కడుపు మీదికి దిగాయి. "దర్గా గాజులా? ఏంది పిల్లా సంగతి?" అని ఎవరో అడిగారు. వదిన కొంగు కింద చెయ్యి దాచుకుంది. ఆమె ముఖం సున్నం కొట్టినట్టయింది. ఇక్కడ నేనేమీ పెంచడం లేదు.

అప్పుడే ఖాలా ఊరి మీదికి బయల్దేరి అటుగా వచ్చింది. గోడ మీద నన్ను చూసింది, వదినను చూసింది. ఆ బోరింగు గద్దె మీదే మూట దించి కూలబడింది. "గామె ఒక్కతికేనా? వాడకంతా తెచ్చిన! ఇంటింటికీ పిల్లలకు జరాలు, దిష్టి గాక ఏంది మరి? తెండ్రి చేతులు! పైసలు ఒద్దు, ఏమొద్దు!" అంది.

వరుసగా అందరి చేతులూ ఒత్తి తలా రెండు తొడిగింది. సాయంత్రానికి వాడంతా పచ్చగాజులే. వదిన అత్త చేతికి, ఆ అత్తకు అత్త చేతికి కూడా. బర్రెలకు మణికట్టు లేదు కాబట్టి బతికిపోయాయి. ఏ చేతి గాజుకు ఏ కారణమో ఇక ఎవరికి తెలుస్తుంది? నన్ను మాత్రం ఖాలా చెప్పు పట్టుకుని పక్క ఊరి పొలిమేర దాకా తరిమింది.

వాడకంతా తొడిగిన ఆ గాజులు దర్గావి కావని చాలా ఏళ్లకు వదినే చెప్పింది. పెద్ద పటేలు ఇంటి పెళ్లికని ఖాలా పట్నం నుంచి తెచ్చినవి. బస్సులో పగిలిపోయాయని పెళ్లివారికి చెప్పుకుందట. ఆ పెళ్లికి వేరే గాజులు మైకు దుకాణంవాడే ఇచ్చాడు. ఆ తర్వాత ఏ పెద్దింటి పెళ్లికీ ఖాలాను పిలవలేదు. వదినకు మాత్రం ఐదో నెల దాటింది, తొమ్మిదీ నిండాయి. కొడుకు పుట్టాడు.

కర్ర కుర్రాడికి చెప్పాను: "నాయినా, నా మిషను తియ్యి, కత్తెర తియ్యి, నా బట్టతల మీద లైటేసి తియ్యి. నాకాడికొచ్చే ఆడబిడ్డలు మాత్రం నీ ఫోన్లకు రారు." మా బిడ్డ నెత్తి కొట్టుకుంది: "నీ బట్టతల ఎవరు సూస్తరు బాపూ!" దాని మాటే నిజమైంది. నలుగురు చూశారు, అందులో ముగ్గురం మేమే. ఎదురువాడు ఇంకా ఎగురుతూనే ఉన్నాడు. వాణ్ణి చూస్తే ఒళ్లు మండుతుంది. అయినా, పాత జాకెట్ కొంగు చాటున తెచ్చి, కుట్లు రెండు వేళ్లు విప్పమని మెల్లగా అడిగే మనిషి వచ్చినప్పుడు, ఎందుకని అడగకుండా విప్పి ఇస్తాను.

ఇక కల్పించిన ముక్క. ఖాలా నన్ను తరమలేదు. తరిమి ఉంటే హాయిగా ఏడ్చి మరిచిపోయేవాణ్ణి.  మర్నాడు ఆమె మా ఇంట్లో అమ్మ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మా పోరడు గోడెక్కి ఏమన్న ఆగం జేసిండా ఖాలా?" అని అమ్మ అడిగింది. నేను తలుపు వెనక నక్కాను. ఖాలా అమ్మ వేళ్లు ఒత్తుతూనే ఉంది.

"లే బిడ్డా. నీ కొడుకు నాకు గిరాకీ తెచ్చిండు" అంది.