రైట్ మావయ్య

మా మావయ్యకు మాటలు చాలా వచ్చు కానీ, వాడేది ఒక్కటే: రైట్. బతుకంతా సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. టికెట్ల సంచీ, యూనిఫామూ డిపోలో అప్పగించి, ఆ మాటను మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. ఆగమనడానికి 'హోల్డాన్' కూడా తెచ్చుకున్నాడు కానీ, అది ఆయనకు పెద్దగా గిట్టదు.

అన్నం వడ్డించమన్నా రైటే, చాలన్నా రైటే. గిట్టనివాడు ఇంటికొస్తే, వాడు కుర్చీలో కూలబడకముందే "రైట్ రైట్!" అనేవాడు, ఇక దయచేయమని. నేను పరీక్ష తప్పినప్పుడు కూడా భుజం తట్టి "రైట్" అన్నాడు. ఈ బస్సు పోతే ఇంకో బస్సొస్తుందిలే అని దానర్థం. నిఘంటువులు రాసేవాళ్లు మా ఇంట్లో ఒక్క పూట ఉంటే పెన్ను పారేసి పారిపోతారు.

ఒకసారి క్షవరం చేయించుకుంటూ, అద్దంలో కనిపించిన పాత స్నేహితులందరికీ "రైట్" అంటూ తలూపాడు. మంగలి ప్రతి రైట్‌కీ ఇంకాస్త తీశాడు. నున్నటి గుండుతో ఇంటికొచ్చిన మనిషిని చూసి అత్తయ్య లబలబలాడింది.

"ఏమండీ, మొత్తం దింపేశాడేమిటి?"

"రైట్" అన్నాడు మావయ్య, దిగాలుగా.

వీటన్నిటినీ మించిన విడ్డూరం, అత్తయ్య వెంట తిరగడం. ఆవిడ గడప దగ్గరికి రాగానే "హోల్డాన్", దాటాక "రైట్". మెట్టు దగ్గర హోల్డాన్, దిగాక రైట్. రెండేళ్లుగా ఇదే వరస.

"అత్తయ్యని కూడా బస్సనుకుంటున్నావా మావయ్యా?" అని ఏడిపించేవాణ్ణి.

"నోర్ముయ్. రైట్" అనేవాడు.

అలాంటి మనిషికి గొంతులో చిన్న కండ పెరిగింది. కోసి తీసేశాక డాక్టరు కచ్చితంగా చెప్పాడు. "వారంపాటు ఒక్క మాట కూడా వద్దు. గుసగుస కూడా పనికిరాదు. మాట్లాడారో, ఉన్న గొంతు కాస్తా పోతుంది." మావయ్య అలవాటుగా నోరు తెరిచాడు. నేను చటుక్కున చెయ్యి అడ్డం పెట్టాను. ఆ పుణ్యాన నన్నే ఆయనకు కాపలా వేశారు.

ఇంటికొచ్చిన రోజే, అత్తయ్య నీళ్ల గిన్నె పట్టుకుని వంటింటి గడప దగ్గరికొచ్చింది. మావయ్య కుర్చీలోంచి లేచాడు. పెదాలు కదిలాయి.

"మావయ్యా, గొంతు!" అని అరిచాను.

నోరు మూసుకుని, చేతులూపి, కాలు నేలకేసి కొట్టి, చివరికి పరుగెత్తుకెళ్లి గడపకు అడ్డంగా నిలబడ్డాడు. నీళ్లన్నీ ఆయన మీదే.

"ఆవిడకి దారి తెలీదా? ఎందుకంత కంగారు?" అన్నాను.

మావయ్య అత్తయ్య కళ్లు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు.

"రెండేళ్ల కింద నాకు కళ్లలో శుక్లాలు వచ్చాయిరా" అంది అత్తయ్య. "నలుగురూ జాలిపడతారని, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నా. అప్పట్నించీ గడపలూ మెట్లూ నాకు ఈయన నోటి వెంటే కనిపిస్తున్నాయి."

మేమంతా పగలబడి నవ్విన పిచ్చి ఇదన్నమాట. తడిసి ముద్దయి నిలబడ్డ మావయ్య మీద ఎక్కడలేని ప్రేమ ముంచుకొచ్చింది.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే, అత్తయ్య ఊడిన చొక్కా గుండీ కుడదామని కూర్చుంది. సన్నటి సూదిలోకి దారం ఒక్క విసురున ఎక్కించింది.

"అత్తయ్యా!"

"ష్! పోయినేడే మీ మావయ్య గుట్టుగా ఆపరేషన్ చేయించారురా. ఇప్పుడు చీమ మీసాలు కూడా కనిపిస్తున్నాయి."

"మరి మావయ్యకి చెప్పలేదా?"

"చెప్పబోయాను. 'అయితే ఇక నాతో పని లేదన్నమాట' అని మొహం చిన్నబుచ్చుకున్నారు. అబ్బే, ఇంకా మసగ్గానే ఉందన్నాను. బస్సు ఎలాగూ పోయింది, ఈ డ్యూటీ కూడా ఊడగొట్టమంటావా?"

"ఇలాగైతే ఆయన గొంతు ఊడుతుంది!"

అత్తయ్య సూది పక్కన పెట్టి ఆలోచనలో పడింది. చెబితే ఆయన మనసు చివుక్కుమంటుంది, చెప్పకపోతే ఉండబట్టలేక అరిచేస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సాయంత్రం ఆవిడ వంటింట్లోంచి బయల్దేరింది. మావయ్య నోరు తెరిచేలోపే "హోల్డాన్!" అని తనే అరిచింది. కాలితో గడప తడిమి, దాటి, "రైట్!" అంది.

"ఇన్నాళ్లూ మీరు నేర్పిందేగా! ఈ వారం మీ బదులు డ్యూటీ నాది. తప్పుంటే చెయ్యెత్తండి."

మావయ్య కాసేపు అనుమానంగా చూశాడు. తర్వాత చెకింగ్ ఇన్‌స్పెక్టరులా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. రెండో గడప దగ్గర రైట్ కాస్త ముందే అనేసిందని చెయ్యెత్తాడు. పాపం, అత్తయ్య వెనక్కెళ్లి మళ్లీ దాటింది. వారమంతా ఇల్లు రైట్లతో మార్మోగింది కానీ, మావయ్య మాత్రం పెదవి కదపలేదు.

వారం తిరిగాక డాక్టరు గొంతు చూసి, ఇక మాట్లాడొచ్చన్నాడు. మావయ్య మందులు తీసుకుని వచ్చేలోపు, అత్తయ్య ఫోనులో చిన్నక్షరాలేవో చదువుకుంటూ ఆసుపత్రి మెట్లు చకచకా దిగిపోతోంది.

"హోల్డాన్!" అని వెనకనుంచి బొంగురుగా వినిపించింది.

అత్తయ్య టక్కున ఆగింది. ఫోను సంచీలో పడేసి, గాల్లోకి చెయ్యి చాచింది.

"ఎక్కడున్నారండీ? ఈ మెట్లేవీ కనిపించి చావడం లేదు."

మావయ్య ఆ చెయ్యి అందుకుని, ఛాతీ విరుచుకుని, "రైట్!" అన్నాడు.

మిగిలిన మెట్లు కొన్నే. ఇద్దరూ చాలాసేపు దిగారు.